బందరు డాక్టరు పెట్టిన బ్యాంకు

సోషల్ స్టార్టప్ అనగానే మనకి యాప్, ఫండింగ్ గుర్తొస్తాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య కథలో అవేవీ లేవు. 1880లో గుండుగొలనులో పుట్టారు. మద్రాసులో మెడిసిన్ చదివి బందరులో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత దాన్ని వదిలేసి స్వాతంత్ర్యోద్యమంలోకి దిగారు. మన పాఠాల్లో ఆయన కాంగ్రెస్ నాయకుడు, అంతే. నాకు మాత్రం ఆయనలోని ఆంత్రప్రెన్యూరే ఎక్కువ నచ్చుతాడు.

అప్పట్లో పంట పెట్టుబడి కావాలంటే చాలామంది రైతులు వడ్డీవ్యాపారి గడప తొక్కాల్సిందే. ఊళ్లలో డబ్బు అసలు లేదని కాదు. ఒకరి పొదుపుని ఇంకొకరి అవసరానికి చేర్చే దారే సరిగ్గా లేదు. పట్టాభి పట్టుకున్న పాయింట్ ఇదే. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పాటులో ముందు నిలిచారు. అయితే సహకార బ్యాంకు అప్పులు ప్రధానంగా సభ్య సంఘాలకే. మరి చిన్న వ్యాపారి సంగతి? అందుకే 1923 నవంబరులో బందరులోనే ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. అధీకృత మూలధనం 10 లక్షలు, చేతికొచ్చిన వాటాల సొమ్ము లక్ష రూపాయలే. రిస్కు సంగతి కూడా చూడాలిగా, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ వచ్చింది.

1942లో ఆయన్ని అరెస్టు చేసి దాదాపు మూడేళ్లు జైల్లో ఉంచారు. బ్యాంకు మాత్రం ఆగలేదు. ఫౌండర్ లేకపోయినా నడిచేలా కట్టడం ఎంత కష్టమో స్టార్టప్ పెట్టినవాళ్లని అడగండి!

1959లో ఆయన కన్నుమూశారు. బ్యాంకు 1980లో జాతీయమైంది, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది.