బాల్యాభిరుచియు జీవితఫలమును: దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రము

మా మంగినపూడి తీరమున నిలిచి తూర్పుదిక్కు చూచువారికి నల్లని మట్టియొడ్డును, దాని ముందు సముద్రమును తప్ప వేఱేమియు కానరాదు. అయినను ఈ తీరమునకు చేరువనున్న బందరు ఒకప్పుడు దేశదేశముల నావలు వచ్చి నిలిచిన రేవు. ఇచ్చట అద్దిన కలంకారీ వస్త్రములు సముద్రములు దాటి పోయినవి. వస్త్రములవలెనే ఈ సీమ బిడ్డలును బ్రదుకుతెరువునకై ఊరు విడిచి దూరదేశముల కరిగిరి. అట్లరిగినవారిలో కొందఱు చిన్ననాటి కోరికలను ఊరిలోనే విడిచిపోయిరి. కొందఱు వానిని వెంటగొనిపోయి, ఎన్నియో యేండ్లు భద్రపఱచి, తుదకు సఫలము చేసికొనిరి. ఈ రెండవ తెగవారిలో అగ్రగణ్యులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. మన సంఘ వార్షిక మహాసభా సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరగా, మొదట మా మనస్సునకు తోచినది వీరి నామమే.

మహనీయుల చరిత్రములు వ్రాయునపుడు వారు ఉయ్యాలలోనుండియే మహనీయులైనట్లు వర్ణించుట మనలో వాడుక. మేమట్లు వ్రాయదలచుకొనలేదు. నలువది యేండ్లు నిండువఱకు పంతులుగారిని పత్రికాధిపతిగా ఎఱిగినవారు లేరు. చిన్ననాట కలిగిన అభిరుచి అంతకాలము ఎచ్చట దాగియుండెను, ఎట్లు వాడిపోక నిలిచెను, ఎట్లు ఫలించెను అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన శ్యామలాంబా బుచ్చయ్య దంపతులకు జన్మించిరి. వారి గ్రామము పామర్రు చేరువనున్న ఎలకుర్రు. కూచిపూడి, మొవ్వ మొదలగు కళాక్షేత్రములు ఆ ప్రాంతముననే యున్నవి. పంతులుగారు పుట్టుటకు మూడేండ్లు ముందు, అనగా 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి, సముద్రము పొంగి బందరు మీదను పరిసర గ్రామముల మీదను పడగా, ముప్పదివేలకు తక్కువ కాని జనము నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. ఒకవంక ఆ యుప్పెన మిగిల్చిన శోకము, వేఱొకవంక 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట మూలమున క్రొత్తగా పాఱిన కాలువనీరు, పచ్చబడుచున్న పొలములు. ఇట్టి కాలమున, ఇట్టి సీమలో వారి బాల్యము గడచెను.

స్వగ్రామమున చదువు ముగించి వారు బందరు చేరిరి. ఆ పట్టణమున 1843లోనే నోబిలుదొర ఆంగ్ల పాఠశాలను నెలకొల్పియుండుటచే ఇంగ్లీషు విద్యకు అది ప్రసిద్ధస్థానమై యుండెను. ఆ దినములలో రాజమహేంద్రవరమునుండి కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో స్థాపించిన వివేకవర్ధని యను పత్రిక వెలువడుచుండెను. ఆ పత్రిక దురాచారములను ఖండించెను, లంచములను బయటపెట్టెను, స్త్రీవిద్యను సమర్థించెను. 1881లో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు మన పెద్దలలో పెక్కండ్రు దానిని మెచ్చలేదు. మెచ్చకపోవుటయే గాక బహిష్కారమునకును దిగిరి. ఆ నాటికి పదునాలుగేండ్ల బాలుడైన నాగేశ్వరరావుగారిని విద్యార్థిదశలో ఆకర్షించినవి ఆ వివేకవర్ధని వ్యాసములే. ఒక చిన్న ముద్రాయంత్రము, కొన్ని సీసపు అక్షరములు, వాని వెనుక నొక దృఢచిత్తుడు ఉన్నచో దేశమంతయు కదలునని వాని వలన తేటపడుచుండెను. పత్రికలయందు వారికి గలిగిన అభిమానమునకు మూలమిదియే.

పిమ్మట వారు చెన్నపట్టణమేగి క్రైస్తవ కళాశాలలో చదివి 1891లో పట్టభద్రులైరి. ఆ కాలమున పట్టభద్రునకు సర్కారు కొలువు సుసాధ్యము, గౌరవప్రదము కూడను. పంతులుగారు దానిని కోరక వర్తకమునకు దిగిరి. చెన్నపురిలో కొంతకాలము వ్యాపారము చేసిరి. కలకత్తా పోయి ఔషధముల వ్యాపారమున కుదిరి, మందులు తయారుచేయు విధానమును నేర్చుకొనిరి. తరువాత బొంబాయి చేరి విల్లియము కంపెనీ కార్యాలయమున ఉద్యోగము చేసిరి. ఆ దినములలో వారిని చూచినవారు, పత్రికల పిచ్చి గల ఆ బాలుడు లెక్కలలోను సరకులలోను మునిగిపోయెనని తలచియుందురు.

మా డెల్టా రైతులకు తెలిసిన విషయ మొకటి యిచ్చట చెప్పవలసియున్నది. వరి విత్తనము ఏ మడిలో మొలచునో ఆ మడిలోనే పండదు. నారుమడిలో పెరిగిన నారును పీకి, కట్టలు కట్టి, వేఱొక చేనిలో నాటుదురు. పీకిన కట్టలను గట్టుమీద చూచిన పట్టణవాసి పైరు నాశనమైనదని తలపవచ్చును. రైతు అట్లు తలపడు. పంతులుగారి కలకత్తా బొంబాయి దినములు ఆ పీకిన నారు వంటివి.

1893లో, ఇరువదియారేండ్ల వయస్సున, బొంబాయిలో వారు అమృతాంజనమను లేపనమును తయారుచేయించి అమ్మసాగిరి. పసుపువన్నె గల ఆ మందు తలనొప్పికిని ఒడలినొప్పులకును మన యిండ్లలో ఎంత పరిచితమో చెప్పనక్కఱలేదు. సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టి జనులకు పరిచయము చేసిరి. వస్తువు మంచిదైనంత మాత్రమున చాలదు, అది యున్నదని జనులకు తెలియవలెనని వారు గ్రహించిరి. అదియు అక్షరశక్తియే గదా! అమృతాంజనము క్రమముగా దేశమంతట వ్యాపించెను, ధనము వచ్చెను.

ధనము వచ్చినపుడే మనుష్యుని చిన్ననాటి కోరికకు నిజమైన పరీక్ష. పేదఱికమున కోరికను కాపాడుకొనుట కష్టమే గాని, సంపదలో కాపాడుకొనుట అంతకంటె కష్టము. ఏలయన పేదవానికి కోరిక తప్ప వేఱొకటి లేదు. ధనికునకు దానిని మఱపించు సుఖములు వేయి గలవు. పంతులుగారు మఱవలేదు. 1905లో వంగవిభజన జరిగి వందేమాతరోద్యమము లేచెను. 1907లో బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున సంచరించి రాజమహేంద్రవరము, బందరు మున్నగు పట్టణములలో ఉపన్యసించిరి. ఆ యేడు డిసెంబరులో సూరతు కాంగ్రెసు రెండుగా చీలెను. బందరున 1902లోనే కృష్ణాపత్రిక పుట్టియుండెను. కాని బొంబాయి నగరమున గృహనిర్మాణములందును నూలుమిల్లులందును పాటుపడుచున్న తెలుగువారికి తమ భాషలో వార్తలు చెప్పువారు లేరు. 1908లో పంతులుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలో ప్రారంభించిరి. అప్పటికి వారికి నలువదియొక యేడు. అమృతాంజనము పుట్టి పదునైదేండ్లు, వివేకవర్ధనిని చదివిన విద్యార్థిదశ గడచి రమారమి యిరువదియైదేండ్లు అయ్యెను.

1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగి, తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలయునను కోరిక బలపడెను. ఆంధ్రోద్యమమునకు తెలుగున దినపత్రిక అవసరమయ్యెను. పంతులుగారు తమ పత్రికను చెన్నపురికి తరలించి 1914వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీ మొదలు దినపత్రికగా నడపిరి. కొలది నెలలలోనే యూరపుఖండమున మహాసంగ్రామము పుట్టెను. వార్తలకై జనులు ఎదురుచూచు ఆ దినములలో తంబుచెట్టివీధి నుండి వెలువడిన ఆ పత్రిక తెలుగు పల్లెలకు లోకమును తెచ్చిచూపెను. ఏటేట వెలువడు ఉగాది సంచికలు పండితులకును కవులకును వేదికలయ్యెను. 1924లో భారతి యను సాహిత్య మాసపత్రికను స్థాపించిరి. శాసనములు, వ్యాకరణము, చరిత్రము, కథ, విమర్శ అనునవి యన్నియు ఆ భారతిలో చోటుగాంచెను. మా తరమువారికి సంస్కృతాంధ్రములలో ఏ కొంచెము పాండిత్యమున్నను దానిలో ఒక పాలు పాత భారతి సంచికల ప్రసాదమే.

1926లో ఆంధ్రగ్రంథమాలను ఆరంభించి పాలకురికి సోమనాథుని బసవపురాణము మొదలగు ప్రాచీన గ్రంథములను చక్కగ ముద్రింపించి అల్పమూల్యమునకు అందఱకు అందించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆరంభించిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము 1923లో వారి మరణముతో నిలిచిపోగా, దానిని పునరుద్ధరించు భారమును తలకెత్తుకొనిరి. గ్రంథాలయోద్యమమునకు అండగా నిలిచిరి. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షత వహించిరి. ఉప్పు సత్యాగ్రహమున కారాగారమున కేగి, ఆ నిర్బంధములో భగవద్గీతకు తెలుగున వ్యాఖ్యానము రచించిరి. 1935లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. ప్రజలు దేశోద్ధారకులనియు విశ్వదాతలనియు పిలిచిరి. 1937వ సంవత్సరము నవంబరు 16వ తేదీన సర్కారు జిల్లాల నాయకులును రాయలసీమ నాయకులును కూడి ఒడంబడిక చేసికొన్నది మైలాపురములోని వారి గృహమైన శ్రీబాగులోనే. ఆ యొడంబడిక ఫలముగా 1953లో ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా అవతరించెను. దానిని చూచు భాగ్యము పంతులుగారికి లేకపోయెను. 1938వ సంవత్సరము ఏప్రిలు 11వ తేదీన, డెబ్బదియొకటవ యేట, వారు పరమపదించిరి. వారి యల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు ఆ భారమును వహించిరి. ఆంధ్రపత్రిక 1991 వఱకు నడచి ఆగిపోయినది. అమృతాంజనము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది. లేపనము మిగిలి పత్రిక పోవుట కాలవైపరీత్యము. పంతులుగారు మాత్రము ఆ లేపనముతో వచ్చిన సొమ్మును పత్రికకొఱకు వెచ్చించిరి.

వీరు మనవారని చెప్పుకొనుటకు మనకు అధికారము కలదు, గర్వించుటయు తగును. కాని వారు తమ పత్రికను ఒక కులమునకు నడపలేదు, తమ గ్రంథమాలను ఒక శాఖవారికి పంచలేదు. వారు పునరుద్ధరించిన బసవపురాణము కులభేదమును త్రోసిపుచ్చిన భక్తుల కథ. కనుక మనవాడను గర్వము మనకు శోభించుట, ఆయనవలె పదిమందికి పనికివచ్చు కార్యమును చేసినప్పుడే.

ఇచ్చట మా దోషమొకటి విన్నవించుట ధర్మము. మేము ఉపాధ్యాయవృత్తిలోనున్న కాలమున ఒక బాలుడు సంస్కృత పాఠము జరుగుచుండగా బల్లక్రింద వార్తాపత్రికను మడచి పెట్టుకొని చదువుచుండెను. మేము దానిని లాగుకొని, తరగతియందఱి యెదుట చించివేసి, పరీక్షలో తప్పినచో ఈ కాగితము నీకు కూడు పెట్టదని మందలించితిమి. ఆ బాలుడు మాఱు పలుకలేదు. అటుపిమ్మట ఏ పత్రికయు మా కంటబడనీయలేదు. వినయము నేర్పితిమని ఆనాడు మేము సంతోషించితిమి. పంతులుగారి చరిత్రమును చదువునప్పుడెల్ల ఆ చినిగిన కాగితము మా కన్నులయెదుట కదలుచున్నది. వానిలో నున్నదేమో అడిగి తెలిసికొనవలసినది మేము, అడుగలేదు.

నేడు మన బిడ్డలకు ఏది యిష్టమని అడుగువారు తక్కువ. రెండు మూడు చదువులు తప్ప వేఱు చదువు లేనట్లు తలిదండ్రులు వారిని త్రోయుచున్నారు. మన సంఘము ఇచ్చు విద్యార్థి వేతనములును ఆ రెండు మూడు చదువులకే పోవుచున్నవి. దాతలైన పెద్దలకు మా మనవి యొక్కటే. ఆ నిధిలో ఒక భాగమైనను చిత్రలేఖనము, సంగీతము, శాస్త్రపరిశోధన, చరిత్రము, పత్రికారచన మున్నగు వానియం దభిరుచి గల బాలబాలికలకు ప్రత్యేకింపవలెను. ప్రతిగ్రామమునను ఒక పఠనమందిరమును, దానిలో నాలుగు పత్రికలును ఉండునట్లు చూడవలెను. ఎలకుర్రు బాలునకు వివేకవర్ధని అందకయుండినచో ఆంధ్రపత్రిక పుట్టియుండునా యని ఒక్కసారి యోచింపుడు.

యువకులకును ఒక మాట. అభిరుచి పేరు చెప్పి పనిపాటలు మాని కూర్చుండుటకు పంతులుగారి చరిత్రమున ఆధారము లేదు. తమకు ప్రియమైన పనికి కావలసిన ధనమును వారు ఇతరులను యాచింపక, తాము కోరని వృత్తిలో ఏండ్లతరబడి శ్రమించి, ఆ వృత్తినే చక్కగా చేసి సంపాదించిరి. కోరిక యొక్కటియే చాలదు, ఓర్పును కావలెను. ఓర్పు యొక్కటియే యున్నను చాలదు. సమయము వచ్చినప్పుడు సంపాదించినదానిని ఆ కోరికకై వెచ్చించు ధైర్యము కావలెను. ఈ మూడును ఒకచోట కూడుటచేతనే ఎలకుర్రు బాలుడు దేశోద్ధారకుడయ్యెను.

మన మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణులు ఇండ్లకు మఱలిన పిమ్మట తమ పిల్లలను దగ్గఱకు పిలిచి, నీకేది యిష్టమని అడిగి, వారు చెప్పునది నవ్వక విందురుగాక. మేము ఆనాడు చేయని పని అది.

శుభం భూయాత్.