కాలువ తవ్వించిన క్లౌ దొర

నెల్లూరు తీరంలో ప్రయాణిస్తుంటే మీకు బకింగ్‌హాం కాలువ కనిపించే ఉంటుంది. ఈసారి పిల్లలకు దాన్ని చూపిస్తూ జాన్ క్లౌ గురించి కూడా చెప్పండి.

అమెరికాలో సర్వే పని నేర్చిన ఈ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు చేరారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. 1876-78 ధాత కరువులో జనం ఆకలికి రాలిపోతుంటే, ఆయన ప్రభుత్వం నుంచి మూడున్నర మైళ్ల కాలువ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. దానం కాదు, పని, పనికి కూలి! ఆయన బోధకులే అక్కడ మేస్త్రీలు.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది మరొకటి. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఆయన ఇవ్వలేదు. కూటి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని నెలల తరబడి ఆపారు. సాయం ఆగిపోయాకే ఒప్పుకున్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది క్లౌ కాదు, తెలుగు బోధకులు.

వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. చచ్చిన పశువుల మాంసం మానేశారు, ఆదివారం పనికి రామన్నారు. ఊరి పెద్దలకు కోపం వచ్చింది, వేధింపులు తప్పలేదు. అయినా ఆ పల్లెల్లో బడులు వెలిశాయి.