అశక్తుడైన కార్మికునికి హక్కుగా భృతి - బాబూ జగ్జీవన్ రామ్ కృషి

(ఏప్రిల్ 5 - బాబూ జగ్జీవన్ రామ్ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్, ఏప్రిల్ 5: యంత్రం వద్ద పనిచేస్తూ చేయి కోల్పోయిన కార్మికునికి జీవితాంతం నెలనెలా భృతి హక్కుగా లభించే విధానం మన దేశంలో 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) చట్టంతో ఏర్పడింది. ఆనాడు కేంద్ర కార్మిక శాఖ మంత్రిగా ఉండి, ఆ చట్టాన్ని ఆమోదింపజేసి ఆచరణలోకి తెచ్చిన నాయకుడు బాబూ జగ్జీవన్ రామ్. రక్షణ మంత్రిగా, ఉప ప్రధానిగా ఆయన దేశ ప్రజలకు సుపరిచితులు. కార్మిక మంత్రిగా ఆయన వేసిన పునాది మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు.

జగ్జీవన్ రామ్ 1908 ఏప్రిల్ 5న బీహార్‌లోని ఆరా సమీపాన గల చాంద్వా గ్రామంలో నిరుపేద దళిత కుటుంబంలో జన్మించారు. తండ్రి శోభీరామ్, తల్లి వాసంతీదేవి. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన తల్లి సంరక్షణలో పెరిగారు. ఆరా పాఠశాలలో అస్పృశ్య విద్యార్థుల కోసం వేరుగా ఉంచిన మంచినీటి కుండను పగులగొట్టి నిరసన తెలిపారు. చివరకు పాఠశాల యాజమాన్యం ఆ వివక్షకు స్వస్తి పలికింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ అవమానాలు తప్పలేదు. అనంతరం కలకత్తా విశ్వవిద్యాలయంలో చేరి 1931లో బి.ఎస్సీ. పట్టా పొందారు. కలకత్తాలో ఉండగానే, 1928లో వెల్లింగ్టన్ స్క్వేర్ వద్ద భారీ కార్మిక ప్రదర్శన నిర్వహించి జాతీయ నాయకుల దృష్టిని ఆకర్షించారు. 1937లో బీహార్‌లో వ్యవసాయ కార్మికుల కోసం ఖేతిహర్ మజ్దూర్ సభను స్థాపించారు. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని 1940లోనూ, క్విట్ ఇండియా ఉద్యమ కాలంలోనూ కారాగారవాసం అనుభవించారు.

1946 సెప్టెంబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ నాయకత్వాన ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వంలో జగ్జీవన్ రామ్ కార్మిక శాఖ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరాలు. మంత్రివర్గంలో పిన్న వయస్కుడు ఆయనే.

అప్పటి వరకు పనిలో గాయపడిన కార్మికునికి 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమే ఆధారం. పరిహారం చెల్లించే బాధ్యత పూర్తిగా యజమానిది. యజమాని నిరాకరిస్తే గాయపడినవాడే కమిషనర్‌ను ఆశ్రయించి పోరాడవలసి వచ్చేది. శాశ్వత వైకల్యానికి పరిహారం ఒకేసారి మొత్తంగా చేతికి వచ్చేది. అప్పుల్లో ఉన్న కుటుంబంలో ఆ సొమ్ము ఎంతోకాలం నిలిచేది కాదు. పోయిన అవయవం తిరిగి రాదు. మిగిలిన జీవితానికి ఆధారమూ ఉండేది కాదు.

ఈ పరిస్థితిని మార్చే యత్నం అంతకు ముందే ప్రారంభమైంది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కార్మిక శాఖను నిర్వహిస్తున్న కాలంలో, 1943 మార్చిలో ఆచార్య బి.పి. అదార్కర్‌ను పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాపై పథకం రూపొందించవలసిందిగా ప్రభుత్వం నియమించింది. 1944 ఆగస్టులో ఆయన నివేదిక సమర్పించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు దానిని పరిశీలించి సూచనలు చేశారు. ఈ కృషి ఫలితంగా రూపొందిన బిల్లు, జగ్జీవన్ రామ్ మంత్రిగా బాధ్యతలు చేపట్టిన కొద్దికాలానికే, 1946 నవంబరులో కేంద్ర శాసనసభ ముందుకు వచ్చింది. సెలెక్ట్ కమిటీ దాని పరిధిని విస్తరించి, గుమాస్తాలు తదితర ఉద్యోగులను కూడా చేర్చింది.

బిల్లు పరిశీలనలో ఉండగానే, 1947లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు జగ్జీవన్ రామ్ భారత ప్రతినిధి వర్గానికి నాయకత్వం వహించారు. తిరుగు ప్రయాణంలో జూలై 16న ఇరాక్‌లోని బస్రా సమీపాన ఆయన ప్రయాణిస్తున్న విమానం కూలిపోయింది. ఆయన గాయాలతో ప్రాణాపాయం నుంచి బయటపడ్డారు. విధి నిర్వహణలో సంభవించే ప్రమాదాన్ని కార్మిక మంత్రి స్వయంగా చవిచూసిన సందర్భమది.

1948 ఏప్రిల్ 19న ఉద్యోగుల రాజ్య బీమా చట్టానికి ఆమోదముద్ర పడింది. యజమాని, కార్మికుడు చెల్లించే చందాలతో ఏర్పడిన నిధి నుంచి ప్రయోజనాలు అందించడం దీని మూలసూత్రం. అనారోగ్య భృతికి నిర్ణీత కాలం చందా చెల్లించి ఉండాలి. పనిలో కలిగిన గాయానికి అటువంటి నిబంధన లేదు. పనిలో చేరిన మొదటి రోజున గాయపడినా రక్షణ వర్తించింది. తాత్కాలికంగా పనిచేయలేని కాలమంతా భృతి, శాశ్వత వైకల్యానికి జీవితాంతం భృతి కల్పించారు. సంపాదన శక్తి ఏ మేరకు తగ్గిందో మెడికల్ బోర్డు నిర్ధారించే పద్ధతి ఏర్పాటైంది. కార్మికుడు మరణిస్తే ఆశ్రితులకు పింఛను లభించింది.

చట్టంలోని మరి రెండు నిబంధనలు విశేషమైనవి. ఈ భృతిని అప్పులవారు జప్తు చేయరాదు. అనారోగ్యం లేదా గాయం కారణంగా భృతి పొందుతున్న కాలంలో కార్మికుని ఉద్యోగం నుంచి తొలగించరాదు.

అమలుకు మాత్రం ఆటంకాలు ఎదురయ్యాయి. పథకాన్ని మొదట కొన్ని కేంద్రాలకే పరిమితం చేస్తే, అక్కడి పరిశ్రమలు మాత్రమే అదనపు భారం మోయవలసి వస్తుందని యజమానులు అభ్యంతరం తెలిపారు. 1951లో చట్టాన్ని సవరించి, పథకం ఇంకా చేరని ప్రాంతాల యజమానుల నుంచి కూడా తక్కువ రేటుతో ప్రత్యేక చందా వసూలు చేసే ఏర్పాటు చేయడంతో చిక్కు విడిపోయింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో ప్రధాని నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు. కాన్పూర్, ఢిల్లీ కేంద్రాలలో తొలి విడతగా సుమారు 1,20,000 మంది కార్మికులకు రక్షణ లభించింది. 1955లో హైదరాబాదుతో సహా తెలుగు ప్రాంతాలలోనూ పథకం ప్రవేశించింది.

జగ్జీవన్ రామ్ కార్మిక మంత్రిగా ఉన్న 1946-52 మధ్యకాలంలోనే పారిశ్రామిక వివాదాల చట్టం (1947), కనీస వేతనాల చట్టం (1948), ఫ్యాక్టరీల చట్టం (1948), తోటల కార్మికుల చట్టం (1951), ఉద్యోగుల భవిష్య నిధి చట్టం (1952) వెలువడ్డాయి. 1950లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు ఆయన అధ్యక్షత వహించారు.

అయితే తాను తొలినాళ్లలో సంఘటితం చేసిన వ్యవసాయ కార్మికులకు ఈ బీమా వర్తించలేదు. విద్యుత్తు వంటి చోదకశక్తితో నడిచే కర్మాగారాలకే చట్టం మొదట పరిమితమైంది. కనీస వేతనాల చట్టంలో వ్యవసాయానికి చోటు దక్కినా, పొలంలో చేయి విరిగిన కూలీకి జీవితాంత భృతి సమకూరలేదు. నెలజీతం, హాజరు పట్టీ లేని కూలీ నుంచి చందా వసూలు చేయడం ఎలాగన్నది ఆనాటి నుంచీ పరిపాలకుల ముందున్న చిక్కు ప్రశ్న.

తదనంతర కాలంలో ఆయన కమ్యూనికేషన్లు, రైల్వేలు, ఆహార వ్యవసాయ శాఖలను నిర్వహించారు. 1966-67లో మరోసారి కార్మిక శాఖ బాధ్యతలు వహించారు. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో రక్షణ మంత్రిగా, 1979లో ఉప ప్రధానిగా సేవలందించారు. 1952 నుంచి 1986 జూలై 6న పరమపదించే వరకు అవిచ్ఛిన్నంగా లోక్‌సభ సభ్యునిగా కొనసాగారు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 1948 చట్టం స్థానాన్ని తీసుకున్నది. పనిలో అశక్తుడైన కార్మికునికి బీమా నిధి నుంచి భృతి అందించాలన్న సూత్రం కొత్త శాసనంలోనూ నిలిచింది. ఆ రక్షణను కర్మాగారం వెలుపలి శ్రామికునికీ చేర్చినప్పుడే ఖేతిహర్ మజ్దూర్ సభతో బాబూజీ ప్రారంభించిన కృషి పరిపూర్ణమవుతుంది.