లాంగ్ బెల్ కొట్టిందెవరు?

2000–01 పదో తరగతి బ్యాచ్ అన్నయ్యలకూ అక్కయ్యలకూ, ఆ ఏడు తొమ్మిదో తరగతిలో ఉన్న మీ తమ్ముళ్లూ చెల్లెళ్ల తరఫున రజతోత్సవ అభినందనలు.

ఈ సంచికకు నాలుగు మాటలు రాయమన్నప్పుడు మీ కార్యవర్గం ఒక షరతు పెట్టింది. ఎవరు ఏ హోదాలో ఉన్నారో ఆ జాబితా వేరే పేజీలో వస్తుందట, నేను దాని జోలికి పోకూడదట. ‘మేం చేసిన అల్లరి రాయి, అది నీకే బాగా తెలుసు’ అన్నారు. తెలియకేం? మీ వెనక గదిలోనే కదా మేం ఉన్నది. పైగా మీకు వీడ్కోలు సభ చేసింది మేమే. తలకు ఐదు రూపాయల చందా వేసుకుని మైసూర్‌పాకు, కారప్పూస, అరటిపండు పెట్టి సాగనంపాం. మీరంతా వెక్కి వెక్కి ఏడ్చారు. ఏడుస్తూనే రెండోసారి కారప్పూస అడిగి పెట్టించుకున్నారు. ఆఖరున మాకు మిగిలింది అరటితొక్కలు. ఈ మాట మనసులో పెట్టుకుని రాస్తున్నానని ముందే మనవి చేసుకుంటున్నాను.

కాలువ గట్టు మీద మన జిల్లా పరిషత్ హైస్కూలు. కృష్ణా డెల్టా ఊళ్లలో అలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి గొప్పలు పోనక్కర్లేదు. రేకుల వరండా, రెండు వేపచెట్లు, వాటిలో ఒకదానికి వేలాడే రైలుపట్టా ముక్క. అదే మన గంట. మధ్యాహ్న భోజన పథకం మన రాష్ట్రంలో 2003లో చిన్న తరగతులకు మొదలై, హైస్కూలు దాకా రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. కాబట్టి మీరంతా కారియర్ల కాలం వాళ్లు. ఎవరింట్లో చేపల పులుసు కాచారో మీకు ప్రార్థన దగ్గరే తెలిసిపోయేది. ఇంటర్వెల్ అయ్యేసరికి ఆ కారియర్ కడిగినంత శుభ్రంగా ఉండేది. పులుసు తెచ్చిన మనిషి మధ్యాహ్నం నలుగురి దగ్గరా తలో ముద్దా పెట్టించుకుని తినేవాడు. మీలో ఒక అన్నయ్య ఉండేవాడు, రెండు గిన్నెల కారియర్లో రెంటిలోనూ అన్నమే తెచ్చుకునేవాడు. స్కూలు మొత్తం మీద అందరికంటే ఎక్కువ కూరలతో భోంచేసింది ఆయనే. ‘నీ కూరేదిరా?’ అని ఒక్కరూ అడిగినట్టు నాకు గుర్తులేదు.

ప్రార్థన అంటే ప్రతిజ్ఞ గుర్తొస్తోంది. దేశమంతా పిల్లలు రోజూ చెప్పే ఆ ప్రతిజ్ఞను తెలుగులో రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా రాశారు. మన పుస్తకాల్లో అప్పట్లో ఆయన పేరు ఉండేది కాదు. ఉండి ఉంటే మీ బ్యాచ్ అబ్బాయిల్లో కొందరు ఆయనకు ఉత్తరం రాసి ఉండేవారు. ఎందుకంటే భారతీయులందరూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అని అర్థం వచ్చే చోటికి రాగానే మీ వరసలో గొంతులు సగానికి సగం తగ్గిపోయేవి. హెడ్మాస్టారు ఒకరోజు ఆ ఒక్క వాక్యం మాత్రం విడిగా, మీ ఒక్కొక్కరి చేతా, మైకులో చెప్పించారు. ఆడపిల్లల వరసలో నవ్వు ఆపుకోలేక ఒక అక్క కింద కూర్చుండిపోయింది. స్లామ్ బుక్కుల రోజులొచ్చేసరికి ఆ ప్రతిజ్ఞ ఎవరు ఎంత నిలబెట్టుకున్నారో మాకు తెలుసు. ఆ పుస్తకాలు అటూ ఇటూ మోసింది తొమ్మిదో తరగతి వాళ్లమే. చేరవేతకు కూలి ఒక పుల్ల ఐసు. ‘మీ జీవితాశయం?’ అన్న ప్రశ్నకు దాదాపు అందరి జవాబూ ‘కలెక్టర్’. మీ మాట నిలబడి ఉంటే ఉమ్మడి రాష్ట్రంలోని జిల్లాలు మీ ఒక్క సెక్షనుకే సరిపోయేవి కావు.

ఇక లాంగ్ బెల్ సంగతి.

నవంబరో డిసెంబరో, మధ్యాహ్నం మొదటి పీరియడు. అటెండరు గారు బ్యాంకు పని మీద వెళ్లారు. రైలుపట్టా ముక్క ఉన్నట్టుండి గణగణా మోగింది. ఆగకుండా మోగింది. లాంగ్ బెల్! ఆరో తరగతి వాళ్లు గేటు దాటేశారు. ఏడు, ఎనిమిది వాళ్ల వెనకే. హెడ్మాస్టారు మండల కేంద్రంలో మీటింగులో ఉన్నారు కాబట్టి ఏ పెద్దమనిషో పోయి ఉంటాడు, సెలవిచ్చారు కాబోలు అనుకుని డ్రాయింగు మాస్టారు సైకిలు తాళం తీసేశారు. సోషల్ టీచరు గారు ఒక్కరే వరండాలో నిలబడి, ‘పోయిందెవరు? ఎవరు పోయారు?’ అని దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి అడిగారు. ఎవరూ పోలేదని తేలేసరికి బడిలో మిగిలింది ఆవిడా, ఒక మేకా.

మర్నాడు విచారణ. అనుమానం నేరుగా మీ మీదికే వచ్చింది, అందులో వింతేమీ లేదు. గంట కొట్టిన కమ్మీ మీ గది కిటికీది. ‘పేరు చెప్పండి, మిగతావాళ్లను వదిలేస్తాను’ అన్నారు హెడ్మాస్టారు. ఎవరూ నోరు విప్పలేదు. మగపిల్లలందరికీ గోడకుర్చీ. పావుగంట గడిచింది, కాళ్లు వణుకుతున్నాయి, ఒకరిద్దరు జారి కూలబడ్డారు, పేరు మాత్రం బయటికి రాలేదు. ఆడపిల్లలను పిలిచి అడిగితే ‘మేం నోట్సు రాసుకుంటున్నాం సార్’ అని ఒకటే మాట. ఆ పీరియడుకు మీ గదిలో మాస్టారే లేరు, నోట్సు ఎక్కణ్ణించి వచ్చిందో! గోడకుర్చీ మంచి శిక్ష అని నేననను. 2009 విద్యాహక్కు చట్టం అలాంటివన్నీ నిషేధించింది, నిషేధించి మంచి పని చేసింది. మేం మాత్రం ఆ పావుగంట కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాం. పెద్ద క్లాసు వాళ్లంటే ఇలా ఉండాలన్నమాట అనుకున్నాం.

తమాషా ఏమిటంటే, అప్పుడు నోరు విప్పని ఆ గంట దొంగ ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో ఒకరు కాదు. కొట్టింది నేనంటే నేనని రోజుకొకరు లేస్తున్నారు. ఆ రోజు చికెన్‌పాక్స్‌తో ఇంట్లో పడుకున్న మనిషి కూడా ‘కమ్మీ పీకింది నేనే’ అని క్లెయిము పెట్టారు. హెడ్మాస్టారు గారు సమ్మేళనానికి వస్తున్నారు. విచారణ ఇంకా ముగియలేదని, ఫైలు తన దగ్గరే ఉందని కబురు చేశారు.

అన్నట్టు, కమ్మీ అనగానే కంప్యూటర్ గుర్తొచ్చింది. కిటికీ కమ్మీ పోయిన ఆ గదికే తర్వాత కంప్యూటర్ ల్యాబ్ అని బోర్డు పెట్టారు మరి. మీ కాలానికి స్కూల్లో కంప్యూటర్ లేదు, గణితం రెండో పేపర్లో ‘కంప్యూటింగ్’ అని పాఠం మాత్రం ఉంది. బోర్డు మీద డబ్బాలు గీసి, డబ్బాకూ డబ్బాకూ బాణాలు కలిపి ఫ్లోచార్టు అనేవారు మాస్టారు. ‘అసలు కంప్యూటర్ ఎలా ఉంటుంది సార్?’ అని మీలో ఒకాయన లేచి అడిగాడు. ‘ఎలా ఉంటే నీకెందుకురా, ఐదు మార్కులు ఉంటాయి’ అన్నారాయన. ఆ అడిగినాయన డల్లాస్ నుంచి టికెట్టు తీసుకున్నానని గ్రూపులో పెట్టారు. అక్కడ ఏం చేస్తారో రాయొద్దన్నారు కాబట్టి రాయను. డబ్బాలూ బాణాలూ గీస్తారని మాత్రం విన్నాను.

సెప్టెంబరు 5 స్వపరిపాలన దినోత్సవం గురించి మా క్లాసుకు ఇంకా కోపం చల్లారలేదు. నాన్న పంచె కట్టుకుని, తాతగారి కళ్లజోడు పెట్టుకుని మాకు తెలుగు చెప్పడానికి వచ్చిన అన్నయ్య, ఉత్పలమాలకు గణాలు చెప్పమన్నాడు. మేం ‘భ ర న భ భ ర వ’ అని సరిగ్గానే చెప్పాం. తప్పన్నాడు. పుస్తకం చూపించాం. పుస్తకం తప్పన్నాడు. ఆ ఒక్క రోజు హెడ్మిస్ట్రెస్ అయిన అక్క మాత్రం అసలు మాస్టార్లనే వదల్లేదు. ఆలస్యంగా వచ్చిన డ్రిల్ మాస్టారిని గేటు దగ్గర నిలబెట్టి సంజాయిషీ రాయించుకుంది. ఆయన నవ్వుతూ రాశారు. రాసిందాంట్లో అక్షరదోషం ఉందని మళ్లీ రాయించింది. ఆవిడ ఇప్పుడు నిజంగానే స్కూల్ అసిస్టెంటు. షరతు తప్పి ఈ ఒక్క ఉద్యోగం రాశాను, ఇది దాచితే ఆవిడ నాచేత కూడా సంజాయిషీ రాయిస్తుంది.

సంక్రాంతి వెళ్లాక స్టడీ అవర్లు. చాపలు, దిండ్లు, దోమలు, వి.జి.ఎస్. గైడ్లు. రాత్రి తొమ్మిది దాటాక ఐదుగురు సైకిళ్ల మీద గుడివాడ వెళ్లి ‘నరసింహనాయుడు’ సెకండ్ షో చూసి వచ్చారు. మర్నాడు పొద్దున డ్రిల్ మాస్టారు సరిగ్గా ఆ ఐదుగురినే పిలిచి గ్రౌండు చుట్టూ పరిగెత్తించారు. ఎందుకని ఆయన చెప్పలేదు, ఎందుకని వీళ్లూ అడగలేదు. ఆయన కూడా అదే ఆటకు వెళ్లారని మాకు తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆ మార్చిలో మీ చదువుకు అసలు గండం మాత్రం కలకత్తా నుంచి వచ్చింది. పరీక్షలు ముంగిట్లో ఉండగా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మనవాళ్లను ఫాలో ఆన్ ఆడించింది. మార్చి 14న మన హైదరాబాదీ లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా వికెట్టు పడకుండా ఆడుతూనే ఉన్నారు. మీ సంచిలో దాచిన రేడియోను లెక్కల మాస్టారు పట్టుకుని స్టాఫ్ రూముకు తీసుకుపోయారు. కాసేపటికి ఆ రేడియో మీ గదిలోకి వినపడేంత గట్టిగా మోగడం మొదలైంది. తగ్గించమని ఎవరూ అడగలేదు, ఎందుకు పెంచారని కూడా అడగలేదు. లక్ష్మణ్ 281 కొట్టాడు, ద్రావిడ్ 180, మ్యాచ్ మనది. హిందీ వ్యాఖ్యానం ఆ రెండు రోజులూ మీకు ఒక్క ముక్క పోకుండా అర్థమైందని తెలిసి హిందీ మాస్టారు చిన్నబుచ్చుకున్నారు. ఐదేళ్లు తను మొత్తుకున్నా ఎక్కలేదట మరి.

హిందీకి మాత్రం ఇరవై వస్తే పాసు. మిగతావన్నీ ముప్ఫై ఐదు. అప్పట్లో మొత్తం పదకొండు పేపర్లు, ఆరు వందల మార్కులు. భౌతికశాస్త్రం పరీక్ష రోజు ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన వచ్చింది. హాల్లో ఉన్న వాళ్లందరూ ఒకేసారి ఎడమ చేయి లేపి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మూడు దిక్కులకు పెట్టి చూసుకున్నారు. పక్క ఊరి నుంచి ఇన్విజిలేషనుకు వచ్చిన తెలుగు మాస్టారు అదేదో సంకేతభాష అనుకుని స్క్వాడ్‌ను పిలవబోయారు. సైన్సు టీచరు వచ్చి తనూ ఎడమ చేయి లేపి చూపించేదాకా ఆయన శాంతించలేదు.

ఫలితాలు పేపర్లో హాల్‌టికెట్ నంబర్లుగా వచ్చాయి. బస్టాండు దగ్గర ఒకే పేపరు, చుట్టూ ఇరవై తలకాయలు. ఉన్న నంబరు రెండుసార్లు చూసుకున్నారు, లేని నంబరు పదిసార్లు వెతికారు. మీలో చాలామంది పాసయ్యారు, అందరూ కాలేదు. జనవరిలో పెళ్లి చేసి పంపించేసిన ఒక అక్క అసలు పరీక్షకే రాలేదు. నేను చూసిన సమ్మేళనాల్లో చాలావాటికి పాసైన వాళ్లకే పిలుపు అందుతుంది. తప్పినవాళ్లు ఆ పూట చేలోనో, దుకాణంలోనో పని పెట్టుకుంటారు. పిలిచినా రారని పిలిచేవాళ్లు, పిలవలేదని వాళ్లు. మీరు మాత్రం పిలుపుల జాబితాకు ఫలితాల పేపరు ముందు పెట్టుకోలేదు. ఆరో తరగతి హాజరుపట్టీ తీయించి, అందులో ఉన్న ప్రతి పేరూ వెతికారు. మధ్యలో మానేసి లారీ ఎక్కినాయన్ని విజయవాడలో పట్టుకున్నారు. పరీక్ష రాయని ఆ అక్క ఇల్లు తెలుసుకోవడానికి ముగ్గురు అక్కలు రెండు జిల్లాలు తిరిగారు. రెండు గిన్నెల్లోనూ అన్నమే తెచ్చుకున్న అన్నయ్య ఈ భోజనాల ఖర్చు మొత్తం తనదేనన్నాడు. మీరు ఒప్పుకోక కూరల వరకే ఆయనకిచ్చి, అన్నం మీరు పెట్టుకున్నారు. ఈ లెక్క ఎవరు వేశారో గానీ, వాళ్లకు నా ప్రత్యేక అభినందనలు. మీ బ్యాచ్‌కు శాలువా కప్పాలంటే నేనైతే ఆ హాజరుపట్టీకే కప్పిస్తాను.

కార్యక్రమం వివరాలు మీ దగ్గర ఉన్నవే. ఉదయం ప్రార్థన, గురువులకు సత్కారం, అటెండరు గారికి కొత్త సైకిలు. భోజనంలో గోంగూర, గుత్తివంకాయ, చేపల పులుసు. పులుసు ఇంటర్వెల్ దాకా తాళం వేసిన గదిలో ఉంటుంది, తాళంచెవి సోషల్ టీచరు గారి దగ్గర. భోజనాలయ్యాక హిందీ మాస్టారు పాత బ్యాచ్ మొత్తానికీ డిక్టేషన్ పెడతానని చెప్పి పంపారు. ఇరవై మాటలు, తప్పు రాసిన మాటకు రూపాయి జరిమానా, వచ్చిన డబ్బు ఈ ఏటి పదో తరగతి వాళ్ల వీడ్కోలు సభకు. ఆ లెక్కన పిల్లలకు ఈసారి కారప్పూసతో పాటు బిర్యానీ కూడా ఖాయం. చిల్లర దండిగా తెచ్చుకోండి.