వేగసాధకుడు బర్ట్ మన్రో

న్యూజీలండు దేశపు దక్షిణపు కొనయందు ఇన్వర్‌కార్గిల్ అను పట్టణము కలదు. అచ్చట 1899వ సంవత్సరము మార్చి 25వ తేదీన హెర్బర్ట్ జేమ్స్ మన్రో జన్మించెను. లోకము అతనిని బర్ట్ మన్రో అని యెఱుగును. అతనితో కవలగా పుట్టిన సోదరి పురిటిలోనే మరణించెను. పట్టణమునకు తూర్పున ఎడెన్‌డేల్ వద్దనున్న వ్యవసాయక్షేత్రమున బాలుడు పెరిగెను. చిన్ననాటినుండియు అతనికి వేగమన్న మిక్కిలి మక్కువ. తండ్రి మందలించుచున్నను లెక్కచేయక, ఇంటనున్న గుఱ్ఱములలో మిక్కిలి వడిగలదాని నెక్కి పొలములవెంట దౌడు తీయించుచుండెను.

1920లో మన్రో ఇండియన్ స్కౌట్ అను మోటారుసైకిలును కొనెను. ఈ పేరునకును మన దేశమునకును సంబంధము లేదు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమందలి ఒక కంపెనీ తన వాహనములకు ఆ ఖండపు ఆదివాసులను స్ఫురింపజేయు పేరును పెట్టుకొనెను. ఆ బండి ఇంజను పరిమాణము 600 ఘన సెంటీమీటర్లు. అది మిక్కిలి వడిగా పోయినపుడు గంటకు 55 మైళ్లు, అనగా సుమారు 88 కిలోమీటర్లు పోవుచుండెను.

ఆ వేగము మన్రోకు చాలలేదు. ఉన్న బండినే వేగవంతముగా చేయవలెనని 1926లో అతడు పూనుకొనెను. మోటారుసైకిళ్లను అమ్ముచు, మరమ్మతు చేయుచు పగలు జీవనము గడపుకొని, రాత్రులు తన షెడ్డులో శ్రమించుచుండెను. చేతిలో ధనము తక్కువ. కావున భాగములను కొనుటకు మాఱుగా తానే చేసికొనెను. లోహమును కరగించి పాత డబ్బాలలో పోత పోసెను. చక్రపు పుల్ల యొకటి అతనికి కొలత సాధనమయ్యెను.

ఈ పనిలో అతని ఓర్పును మిక్కిలి పరీక్షించినది కనెక్టింగ్ రాడ్డు. ఇంజనులో పెట్రోలు మండినపుడు పిస్టను క్రిందికి పోయి, మరల పైకి వచ్చును. ఈ చలనమును గుండ్రని చలనముగా మార్చునది ఆ రాడ్డే. కాలితో త్రొక్కు కుట్టుమిషనులో త్రొక్కుడుపలకను పెద్ద చక్రముతో కలుపు కడ్డీని మీరు చూచియుందురు. కనెక్టింగ్ రాడ్డు పనియు అట్టిదే. అయితే ఇంజనులోని పిస్టను క్షణమునకు పెక్కుమార్లు పరుగెత్తి, ఆగి, వెనుదిరుగును. దానిని ఆపి వెనుకకు లాగుటవలన రాడ్డు గొప్ప బలమునకు లోనగును. ఇంజను వేగము రెండింతలైనచో ఈ లాగుడు నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. పూర్వపు వేగమునకు తగినట్లు చేసిన రాడ్డు ఇట్టి బలమునకు ఎట్లు నిలువగలదు? అది విరిగినచో దాని ముక్కలు ఇంజనును పగులగొట్టును. చక్రము బిగిసి నిలిచిపోయిన యెడల సవారి చేయువాని ప్రాణమునకే ముప్పు.

మన్రో ఇంజను పెక్కుమార్లు బ్రద్దలయ్యెను. చెడిన భాగములను అతడు పాఱవేయలేదు. షెడ్డులోని అలమరపై వానిని పేర్చి, అవి వేగదేవతకు తానర్పించిన కానుకలని వ్రాసి పెట్టెను.

రాడ్డునకు తగిన లోహమును ఎంచుకొనుట సులభము కాదు. మెత్తని ఇనుము సాగిపోవును, వంగిపోవును. మిక్కిలి కఠినమైన ఉక్కు గాజువలె పెళుసుగా విరుగును. పోనీ, రాడ్డును లావుగా చేయుదమన్నచో దాని బరువే దానికి శత్రువగును. తేలికగా నుండవలెను, గట్టిగా నుండవలెను, కుదుపులను ఓర్చుకొనవలెను. ఇట్టి గుణములుగల ఉక్కు మన్రోకు ఒక ట్రాక్టరు ఇరుసునందు దొరకెను. బరువును, మెలిపెట్టు బలమును, నేల కుదుపులను ఓర్చుటకే ఇరుసును చేయుదురు గదా! అతడు ఆ ఇరుసును కోసి, చేతితో చెక్కి, రాడ్డులను మలచెను. పిమ్మట కాల్చి, చల్లార్చి, వానికి తగిన పదను కూర్చెను.

అమెరికాలోని యూటా రాష్ట్రమున బోన్‌విల్ అను విశాలమైన ఉప్పు మైదానము కలదు. వేగపు పోటీలకు అది ప్రసిద్ధిగన్న స్థలము. మన్రో అచ్చటికి సముద్రములు దాటి పదిమార్లు పోయెను. తొమ్మిదిమార్లు పోటీలలో పాల్గొనెను. 1962లో ఇంజనును 850 ఘన సెంటీమీటర్లకు పెంచి, గంటకు 178.95 మైళ్ల వేగముతో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. 1966లో మఱియొక రికార్డు సాధించెను. 1967లో, తన 68వ యేట, 950 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో 183.59 మైళ్ల రికార్డు స్థాపించెను. అప్పటికి ఆ బండి వయస్సు 47 సంవత్సరములు. అతని మరణానంతరము, 2014లో, ఆనాటి లెక్కను సరిచూడగా నిజమైన వేగము 184.087 మైళ్లని, అనగా సుమారు 296 కిలోమీటర్లని తేలెను. క్రొత్తగా కొన్ననాటి వేగమునకు ఇది మూడింతలకు మించినది!

1977లో మన్రోకు పక్షవాతము వచ్చెను. దేహము మునుపటివలె స్వాధీనమున లేదని అతడు గ్రహించెను. తన బండ్లు తన ప్రాంతమును విడిచిపోరాదను కోరికతో స్థానిక వర్తకునికే వానిని అమ్మివేసెను. 1978వ సంవత్సరము జనవరి 6వ తేదీన, 78 ఏండ్ల వయస్సున, అతడు పరమపదించెను. 2005లో అతని సాహసము చలనచిత్రముగా వెలువడి లోకమునకు తెలిసెను.

మన్రోకు గొప్ప కర్మాగారము లేదు, సిరిసంపదలు లేవు. అయినను భాగము విరిగినప్పుడెల్ల నిరుత్సాహపడి కూర్చుండక, దానికంటె మేలైనది చేయుటకు పూనుకొనెను. ఏ పనికి ఏ లోహము తగునో వివేకముతో ఎంచుకొనెను. నలువది యేండ్ల ఓర్పునకు ఫలముగా ఆ పాత బండి ప్రపంచ ప్రఖ్యాతి పొందెను.