చీమల్ని చూస్తూ నిలబడిపోయిన మదనపల్లె పిల్లాడు

మన ఛానల్లో ఎప్పుడూ భక్తుల కథలే చెబుతుంటాను. ఈసారి గుడీ, గురువూ అక్కర్లేదన్న ఒకాయన గురించి రాస్తున్నా. ఆయన మన సీమ బిడ్డే. జిడ్డు కృష్ణమూర్తి గారు.

1895 మే నెలలో మదనపల్లెలో పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా ఇంకా ఏర్పడలేదు, ఆ ఊరు కడప జిల్లాలో ఉండేది. తల్లి సంజీవమ్మ గారు మంచి భక్తురాలు. ఎనిమిదో సంతానం కాబట్టి ఆ కన్నయ్య పేరే పెట్టారు. పిల్లాడికి తరచూ మలేరియా జ్వరం. బడిలో పాఠం తలకెక్కేది కాదు, పంతుళ్ల చేతిలో దెబ్బలు తినేవాడు. కానీ చీమల్నీ పురుగుల్నీ చూస్తూ కూర్చుంటే మాత్రం గంటలు గడిచిపోయేవి. పదేళ్లకే తల్లి పోయింది.

1909లో తండ్రితో మద్రాసు అడయారు చేరాక దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఆయన్ని జగద్గురువుగా పెంచారు. ఆయన కోసమే పెద్ద సంఘం కట్టారు. 1929లో వేలమంది ముందు ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేసేశారు. పీఠం వదిలేశారు గానీ, చిన్నప్పటి ఆ చూపుని మాత్రం వదల్లేదు.

ఆయన రాతల్లో ఒక కోతి కనిపిస్తుంది. కిటికీ దగ్గరకొచ్చి చెయ్యి చాపిందట. ఈయన పట్టుకున్నారట. కాసేపు ఇద్దరూ అలాగే ఉండిపోయారు. ఇంకోసారి అడవిలో కారు పక్క నుంచే పులి వెళ్తుంటే తాకబోయారు. పక్కనున్నాయన చెయ్యి వెనక్కి లాగేశారు, లాగడమే మంచిదైంది! ప్రేమ ఉన్నా దూరం పాటించాలి కదా.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ: చెట్టుతో, జీవంతో మనకి బంధం తెగిపోతే మనిషితో కూడా తెగిపోతుంది. ఆ బంధం ఉన్నవాడు తన రుచి కోసం ఏ జీవినీ చంపలేడు. అందుకే ఆయన జీవితాంతం శాకాహారే.

మదనపల్లె దగ్గర ఆయన పేరుతో ముడిపడ్డ రిషీవ్యాలీ బడి ఉంది. అక్కడ పెద్ద మర్రిచెట్టు ఒకటి. చుట్టూ కరువు నేల. ఏళ్ల తరబడి చెట్లు నాటి, వాన నీళ్లు నిలిపి ఆ లోయని పచ్చగా చేశారు. 1991లో దాన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అరుదైన పసుపు గొంతు పిగిలిపిట్ట అక్కడ కనిపిస్తుంది. 1985 చివర్లో, తొంభై ఏళ్ల వయసులో ఆఖరిసారి ఆయన అక్కడికి వచ్చారు. 1986 ఫిబ్రవరి 17న అమెరికాలోని ఓహైలో కన్నుమూశారు.

పర్యావరణాన్ని కాపాడండి అని ఎన్ని బోర్డులు పెట్టినా మనం చదివి ముందుకెళ్లిపోతాం. ఒక జీవిని ఊరికే, ఏమీ ఆశించకుండా చూస్తే ఆ బోర్డుతో పని ఉండదు. ఈసారి అలిపిరి మెట్లెక్కేటప్పుడు జింక కనిపిస్తే సెల్ జేబులోనే ఉంచండి. చిప్స్ విసరకండి. రెండు నిమిషాలు దూరం నుంచి చూడండి చాలు. శేషాచలం కొండే స్వామి అని నమ్మే మనకి, ఆ చూపు కూడా దర్శనమే కదా!

గోవిందా గోవింద.