కవిశేఖర ఉమర్ ఆలీషా

ఖరగ్‌పూరులో రైలెక్కి స్వస్థలములకు పోవు మన తెలుగువారిలో గోదావరి మండలమువారికి అన్నవరము దాటగనే ప్రాణము లేచివచ్చును. ఆ తరువాతిది పిఠాపురము. నా బాల్యమున సెలవులకు పోవునపుడెల్ల, బండి అచ్చట నిలిచినంతనే మా అమ్మ కుక్కుటేశ్వరుని తలచుకొని చేతులు జోడించెడిది. ప్రక్కన కూర్చున్న మా మేనమామ రెండుమారులు నమస్కరించెడివాడు. మొదటిది కుక్కుటేశ్వరునకు. రెండవది ఎవరికని అడిగినచో ఉమర్ ఆలీషాగారికని చెప్పెడివాడు. రైల్వే వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేయు మామయ్యకు, నిత్యము విబూది పెట్టుకొను మనిషికి, ఒక మహమ్మదీయ గురువుతో గల సంబంధమేమో నాకు అప్పుడు బోధపడలేదు. బి.ఏ.లో తెలుగు సాహిత్యము చదివిన కాలమునను బోధపడలేదు. మేము చదివిన పాఠములలో ఆ పేరు లేదు. ఉద్యోగములో చేరిన పిమ్మట, మామయ్య పోరు పడలేక, గ్రంథాలయములలో వెదకి చదివితిని. తెలిసినంతలో సోదర సభ్యులకును వారి కుటుంబములకును ఇచ్చట విన్నవించుచున్నాను.

ఉమర్ ఆలీషాగారు 1885 ఫిబ్రవరి 28వ తేదీన పిఠాపురమున జన్మించిరి. తండ్రి మొహియుద్దీన్ బాద్షాగారు, తల్లి చాంద్ బీబీగారు. తమ పూర్వులు పారసీక దేశమునుండి వచ్చిన సూఫీ గురువులని ఆ వంశమువారి కథనము. వారి పీఠము నేడు శ్రీ విశ్వ విజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠమను పేర ప్రసిద్ధము. తండ్రిగారు ఆ పీఠమునకు ఐదవ అధిపతులు. స్వయముగా తెలుగున కవిత్వము చెప్పినవారు. కనుక కుమారునకు తెలుగు పద్యము ఇంటి వెలుపలినుండి వచ్చిన విద్య కాదు.

పిఠాపురమనగా సామాన్యమైన ఊరు కాదు. పాదగయా క్షేత్రము, పురుహూతికాదేవి శక్తిపీఠము అచ్చటనే ఉన్నవి. సంస్థాన ప్రభువులు పండితులను, కవులను ఆదరించినవారు. అవధానముల సందడితో ఆంధ్రదేశమంతయు మారుమ్రోగుచున్న కాలమది. అట్టి ఊరిలో పెరిగిన బాలునకు ఒక చెవిన ఖురాను పఠనము, మరియొక చెవిన భారత పురాణము వినవచ్చుటలో వింత యేమున్నది? అరబీ, పారసీ, ఉర్దూ భాషలు వంశక్రమమున అబ్బినవి. తెలుగు సంస్కృతములను శ్రద్ధతో అభ్యసించిరి. తండ్రిగారి అనంతరము ఆరవ పీఠాధిపతులైరి.

వారు రచించిన గ్రంథములలో నాకు మిక్కిలి విస్మయము గొల్పినవి నాటకములు. అనసూయాదేవి కథను నాటకముగా వ్రాసిరి. దానవవధ వ్రాసిరి. మహాభారత కౌరవరంగమను పేర కురుపాండవుల కథను రంగస్థలమునకు తెచ్చిరి. చంద్రగుప్తునిపైని ఒక నాటకము కలదు. మతసామరస్యము కొరకు పని చేయువారు చాలమంది ఎదుటివాని మతమును దూరమునుండి పొగడి ఊరకుందురు. ఆలీషాగారు ఎదుటివాని పురాణములోనికి ప్రవేశించి, అనసూయ నోట పలుకవలసిన పద్యమును తామే కట్టిరి. ఒక మతమువారి పూజ్యురాలి నోట మాట పెట్టుటకు ఎంత ప్రేమ, ఎంత భయభక్తులు కావలెనో ఆలోచింపుడు. ఆ చేతితోనే మహమ్మదు ప్రవక్త చరిత్రమును తెలుగువారికి తెలుగున చెప్పిరి. ఒకదానికొరకు రెండవదానిని తగ్గించుకొనలేదు.

ఉమర్ ఖయ్యాము రుబాయీలను ప్రపంచమునకు పరిచయము చేసినది ఫిట్జెరాల్డుగారి ఆంగ్లానువాదము. మనవారిలో పెక్కుమందికి ఖయ్యాము ఆ దారినే దొరకెను. ఆలీషాగారికి ఆ అవసరము లేదు. పారసీ మూలమును చదివి తెలుగు పద్యములుగా మలచిరి. సూఫీ తత్త్వమునకును వేదాంతమునకును గల చుట్టరికమును వివరించుచు సూఫీ వేదాంత దర్శమును రచించిరి. పద్యకావ్యములు, నవలలు, ఉపన్యాసములు ఇంకను కలవు. స్త్రీవిద్యను గట్టిగా సమర్థించిరి. వారి శిష్యులలో హిందువులు విశేషముగా నుండిరి. ఎవరి పేరును మార్చుకొనవలసిన పని లేదు. బొట్టు చెరుపుకొనవలసిన పని లేదు. మా మామయ్య విబూదికి సమాధానము నాకు అచ్చట దొరకినది.

ఇక ఢిల్లీలో ఉద్యోగము చేయు మనకు దగ్గరైన ఘట్టము. 1934 చివర జరిగిన ఎన్నికలలో వారు ఉత్తర మదరాసు మహమ్మదీయ నియోజకవర్గమునుండి కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. యుద్ధము కారణముగా తిరిగి ఎన్నికలు జరుగక ఆ సభ 1945 వరకు సాగినది. సచివాలయమునకు పోవుచు వచ్చుచు ఆ గుండ్రని భవనము ప్రక్కగా నేనెన్నిమారులో నడచితిని. 2023 వరకు అది పార్లమెంటు భవనము; ఇపుడు సంవిధాన్ సదన్. ఆనాడు అందులో సభ్యులను మతమునుబట్టి ఎన్నుకొనెడివారు. మహమ్మదీయ స్థానమున ఓటర్లందరును మహమ్మదీయులే. వారు తమ పక్షమున పంపినది అనసూయ నాటకకర్తను! 1940 మార్చిలో ముస్లిం లీగు లాహోరు తీర్మానము చేసినది. దేశము రెండుగా చీలు మాట పుట్టి పెరిగిన సంవత్సరములలో, రెండు వాఙ్మయములను ఒక గుండెలో మోసిన మనిషి ఆ సభలో సభ్యుడై యుండెను. విభజన చూడవలసిన దుఃఖము వారికి తప్పినది. 1945 జనవరి 23వ తేదీన నరసాపురమున దేహము చాలించిరి. పిఠాపురమున సమాధి చేసిరి.

తండ్రి చేసిన పనిని కుమారుడు హుస్సేన్ షాగారు ఏడవ పీఠాధిపతులై కొనసాగించిరి. నేటి తొమ్మిదవ పీఠాధిపతిగారి పేరును ఉమర్ ఆలీషాయే. తాతముత్తాతల పేరు పెట్టుకొనుట మన ఇండ్లలోను కలదు. ఆ పేరుతోపాటు ఆ పనియు దక్కుట అరుదు.

మా మామయ్య పీఠాధిపతి కాడు, కవియు కాడు. ఖరగ్‌పూరులో తెలుగువారు, బెంగాలీలు, ఒడియావారు, ఉర్దూ మాటలాడు మహమ్మదీయులు ఒకే కాలనీలో గోడకు గోడ ఆనించుకొని కాపురముందురు. పండుగలకు ముందు పేటవారు కూర్చుండు శాంతి సంఘములో మామయ్య ముప్పదియేండ్లు సభ్యుడు. 2016లో విజయదశమి, మొహర్రము వెంటవెంట వచ్చినవి. డెబ్బదియేండ్ల వయసున, మోకాళ్ల నొప్పులతో, అమ్మవారి ఊరేగింపు ఏ వీధిన పోవలెనో, తాజియా ఏ వేళకు కదలవలెనో రెండు పక్షములవారితో మాటలాడుచు ఇంటింటికి తిరిగెను. అత్తయ్య విసుగుకొనెను. నేనును ఫోనులో మందలించితిని. ఆ రెండు రాత్రులు మా పేటలో ఏమియు జరుగలేదు. ఏమియు జరుగని సంగతి పత్రికలలో పడదు గదా. ఈ మాట వ్రాయుటకు నాకు గర్వముగనే యున్నది.

మామయ్య కుమారుడు ఇపుడు ఖరగ్‌పూరు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఉద్యోగి. వీరేశలింగముగారికి దక్షిణదేశ విద్యాసాగరుడను బిరుదు తెచ్చిన ఆ ఈశ్వరచంద్రుని పేరే ఆ పార్కుకు పెట్టినారు. షిఫ్టు ముగియగానే తండ్రికి మారుగా శాంతి సంఘమునకు పోవుచున్నాడు. మామయ్య ఇపుడు ఇల్లు కదలలేడు. వచ్చు మాఘ పౌర్ణమికి పిఠాపురము సభకు తీసికొనిపొమ్మని పట్టుబట్టినాడు. క్రింది బెర్తు కొరకు ప్రయత్నించుచున్నాము.